గాజుతొట్టిలో సముద్రము

(ఉపన్యాస పాఠము)



సముద్రమును గూర్చి మాటలాడుటకు మన చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సీమ తగిన చోటు కాదని మీకు తోచవచ్చును. ఏడాది పొడవునా పారు నది యొక్కటియు మనకు లేదు. పెన్న, చిత్రావతి, పాపఘ్ని మన కొండల ప్రాంతమున పుట్టియు, మన కడ నిలువక దిగువనున్న తెలుగునాటికి సాగిపోవుచున్నవి. మన పెద్దలకు నీరనగా చెఱువు, కుంట, బావి. అయినను నీటిలోని జీవులను లోకమునకు చూపిన యొక ఫ్రెంచి చలనచిత్రకారుని కథను నేడు మీకు వినిపింపదలచితిని. ఏలయనగా, అతడు నేర్పిన విద్యకు సముద్రమే కావలెనన్న నియమము లేదు. ఒక గాజుతొట్టియు, చాలినంత ఓర్పును ఉన్న చాలును. ఆ విద్యతో మన చెఱువులకు నేడు పని పడినది.

ఆయన పేరు జాఁ పాన్లెవే. 1902లో పారిసు నగరమున జన్మించెను. తండ్రి పాల్ పాన్లెవే గొప్ప గణితశాస్త్రవేత్త. 1917లోను, మరల 1925లోను ఫ్రాన్సు దేశమునకు ప్రధానమంత్రిగా నుండెను. అట్టి యింట పుట్టిన కుమారుడు రాజకీయములను కోరక, జీవశాస్త్రము చదివి, బ్రిటనీ తీరమున రాస్కాఫ్ సముద్ర పరిశోధనాలయమున పని నేర్చికొనెను. జెనెవీవ్ ఆమోఁ అను నామె ఆయనకు జీవితమునందును, చిత్రనిర్మాణమునందును తోడుగా నిలిచెను. 1989లో మరణించునాటికి ఆయన తీసిన చిత్రములు సుమారు రెండు వందలు.

1928లో ఆయన యొక చిన్న చేప గ్రుడ్డు ఫలించినది మొదలు పిల్ల వెలువడు వఱకు చూపు చిత్రమును ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ముందుంచగా, పండితులలో కొందఱు మండిపడిరి. సినిమా యనునది ప్రొద్దుపోని వారి వినోదమనియు, దానికి శాస్త్రపీఠమున చోటు లేదనియు వారి మతము. యువకుడైన పాన్లెవే వెనుదీయలేదు. ఆ సంవత్సరముల యందే ఆక్టోపస్, సముద్రములో ముండ్లబంతివలె నుండు సీ అర్చిన్, మంచినీటిలోని డాఫ్నియా అను నలుసంత జీవి — వీనిని గూర్చి చిత్రములు తీసెను. డాఫ్నియా శరీరము గాజువంటిది. లోపల గుండె కొట్టుకొనుట వెలుపలికి కనబడును. సూక్ష్మదర్శినికి కెమెరాను జోడించి, పరిశోధకు డొక్కడే చూడగలిగిన యా దృశ్యమును ఆయన వందలమంది యెదుట తెఱపై నిలిపెను. పండితులకు వేఱుగను, విద్యార్థులకు వేఱుగను, సామాన్య ప్రేక్షకులకు వేఱుగను ఒకే విషయమును దిద్ది చూపుట ఆయన పద్ధతి.

ఆయనకు మిక్కిలి కీర్తి తెచ్చినది 1934 నాటి 'సముద్రపు గుఱ్ఱము' అను చిత్రము. గుఱ్ఱపు తలయు, కోతివలె చుట్టుకొను తోకయు గల ఈ చిన్న చేప నిటారుగా నిలిచి యీదును. ఆడుది తన గ్రుడ్లను మగదాని పొట్టనున్న సంచిలో నుంచి వెడలిపోవును. వానిని భరించుట, ప్రాణవాయువు నందించుట, తుదకు మెలికలు తిరుగుచు వందలకొలది పిల్లలను వెలువరించుట, సమస్తమును తండ్రి పనియే. ఇచ్చట పురిటినొప్పులు తండ్రివి! ఆ దృశ్యమును పట్టుకొనుటకై ఆయన నీరు చొరని పెట్టెలో కెమెరాను బిగించి, గాజు కిటికీ గుండ నీటిలోపల చిత్రించెను. కెమెరాలో కొన్ని సెకండ్లకు మాత్రము చాలెడి ఫిల్ము పట్టును. అది తీరగనే పైకి వచ్చి, మరల నింపుకొని దిగవలెను. మిగిలిన భాగమును తొట్ల యెదుట, దీపముల వెలుగున చిత్రించెను. కాన్పు గడియ యెప్పుడు వచ్చునో తెలియదు గనుక, కునుకుపట్టి తల వాలినంతనే చిన్న విద్యుద్ఘాతము తగులునట్లు టోపీకి యొక యేర్పాటు చేసికొని కాచియుండెనని చెప్పుదురు.

సోదరులారా, ఈ వింత సముద్రమునకే పరిమితమని తలపకుడు. మన చెఱువుల అంచున, నాచులో, బొటనవ్రేలి గోరంత పరిమాణమున గోధుమరంగు నీటిపురుగు కలదు. ఆడుది తన గ్రుడ్లను మగదాని వీపున అంటించి పోవును. మగది వానిని మోసికొనుచు, నీటిపైకి వచ్చి గాలి తగులనిచ్చుచు, పిల్లలు వెలువడు వఱకు కాపాడును. కొఱమీనును ఎఱుగనివారు మనలో అరుదు. ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై కదలాడుచుండ, క్రింద పెద్దచేప కావలి కాయుటను గట్టుపైనుండి చూచిన పశులకాపరులు మన యూళ్లలో నున్నారు. పాన్లెవే వంటి కన్నుతో చూచిన, మన కుంటయు నొక సముద్రమే.

1947లో ఆయన 'మంచినీటి హంతకులు' అను చిత్రమును తీసెను. అందలి పాత్రలన్నియు చెఱువు జీవులే. తూనీగ పిల్లదశలో నీటి యడుగున వసించునని మనలో ఎంతమందికి తెలియును? ముఖమును కప్పియున్న దాని క్రింది పెదవి ఱెప్పపాటున ముందునకు దూకి, దోమ పిల్లలను, తోకకప్పలను పట్టుకొనును. ఈతపురుగు పిల్ల తన బోలుకోరలగుండ రసమును ఎక్కించి, ఎరను లోలోపలనే కరగించి పీల్చును. నీటితేలు తోకచివరి గొట్టముతో గాలి పీల్చుచు పొంచియుండును. ఒకటి మఱియొకదానిని తినును. దానిని వేఱొకటి తినును. ఈ ఘోరమునకు పాన్లెవే శోకగీతమును గాక, ఉత్సాహము గొలుపు జాజ్ సంగీతమును కూర్చెను. పురుగు చేయునది పాపమును కాదు, పుణ్యమును కాదు; సముద్రపు గుఱ్ఱము త్యాగియు కాదు. మన నీతులను వానిపై రుద్దక, వాని బ్రతుకును ఉన్నదున్నట్లు చూడుమని దాని భావముగా నాకు తోచుచున్నది.

ఈయన గాజుతొట్టి వెనుక దాగిన లోకము తెలియని వాడనుకొనరాదు. జర్మను నాజీలు ఫ్రాన్సును ఆక్రమించినపుడు వారి నెదిరించిన వారిలో ఆయన యొకడు. 1945లో పూర్తియైన రక్తపు గబ్బిలముల చిత్రమున, ఆ జీవి ఱెక్క యెత్తు భంగిమలో నాజీ వందనమును ప్రేక్షకులకు స్ఫురింపజేసెను. తాను చేపట్టిన విషయము మనసునకు పట్టనివాడు చిత్రము తీయరాదని 1948లో వ్రాసికొన్న నియమములలో చెప్పెను. చూచుటలో నిజాయితీ ఆయనకు వృత్తిధర్మమే గాక జీవితధర్మము కూడ.

ఇక మన సంగతి. వర్షములు తప్పుటచేతను, గొట్టపుబావులు లోతునకు పోయి నేలనీరు అడుగంటుటచేతను మన చెఱువులు బహుకాలము బీళ్లుగా పడియుండెను. ఇటీవలి యేండ్లలో బెంగళూరు నగరపు వాడుకనీటిని రెండవ దశ వఱకు శుద్ధిచేసి, కోరమంగల–చెల్లఘట్ట లోయ, హెబ్బాళ–నాగవార లోయ పథకములచే కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల చెఱువులకు పంపుటకు ప్రభుత్వము పూనుకొనినది. ఎండిన చెఱువున నీరు కనబడినపుడు రైతునకు కలుగు సంతోషమును నేను కాదనను. ఆ నీరు మూడవ దశ శుద్ధిని కూడ పొందవలెనని కోరువారి భయమును కొట్టివేయను. ఇరువురును వాదించుచుండగా, మూడవ సాక్షి యొకటి నీటిలోనే యున్నది. దానిని ఎవ్వరును పిలుచుట లేదు.

తూనీగ పిల్లలు, మేఫ్లై అను సున్నితపు కీటకముల పిల్లలు, కొఱమీను పిల్లలు — ఇట్టి పలువిధముల జీవులున్న నీరు కొంత ఆరోగ్యముగ నున్నట్లు గుర్తు. అవి క్రమముగా తొలగి, బురదలో ఎఱ్ఱని పురుగులును, దోమ పిల్లలును మాత్రమే మిగిలిన యెడల, ఆ నీటికి ప్రాణవాయువు కొఱవడుచున్నదని అనుమానింపవలెను. లోహములు, మందుల శేషములు ఉన్నవో లేవో తేల్చుటకు ప్రయోగశాలయే శరణ్యము. పురుగు అన్నిటిని చెప్పజాలదు. కాని ఎప్పుడు పరీక్ష కోరవలెనో, ఏ చెఱువునకు ముందుగ కోరవలెనో అది చెప్పగలదు.

శాస్త్రము గదిలోనుండి వీధిలోనికి రావలెనన్న తపన మన సీమకు క్రొత్త కాదు. గౌరిబిదనూరు తాలూకా హోసూరున పుట్టిన డాక్టరు హెచ్. నరసింహయ్యగారు 1962లో బెంగళూరు సైన్సు ఫోరమును స్థాపించి, శాస్త్రజ్ఞులను ప్రజల యెదుటికి పిలిపించిరి. ఆ త్రోవలోనే నా మనవి చిన్నది. ప్రతి యూరి బడిలోను వెడల్పైన గాజుపాత్ర యొకటి యుంచుడు. నెలకొకమారు పెద్దలే చెఱువునకు పోయి, అంచుననున్న నీటిని, కొంత నాచును ముంచి తెండు. పిల్లలను నీటిలోనికి దింపవలదు. పాత్రను ముట్టిన చేతులను సబ్బుతో కడిగింపుడు. ఒక గంట వారిని మాటలాడక చూడనిండు. నేడు అనేకుల చేతులలో కెమెరా గల ఫోనున్నది. పాన్లెవేకు కలలోనైన దొరకని సౌకర్యమది. కనబడిన ప్రతి జీవిని చిత్రించి, తేదీ వేసి, దాని పేరును ఇంటిలో అవ్వతాతలను అడిగి తెలుగున, ఉపాధ్యాయుల నడిగి కన్నడమున వ్రాయుడు. చూచిన దానిని తినిపించి, ఆడించి చంపక, సాయంకాలము తిరిగి చెఱువున వదలుడు.

ఒక యేడు గడచునప్పటికి మన చేతిలో నొక చెఱువు చరిత్ర యుండును. ఏ నెలలో ఏ జీవి వచ్చినదో, ఏది పోయినదో అది చూపును. అధికారి యెదుటికి పోయినపుడు వదంతులతో గాక, ఆ చిత్రములతో మాటలాడవచ్చును. మన పెద్దలు త్రవ్వించిన చెఱువులను నీటికొలదికి లెక్కించుట మనకు తెలియును. అందలి ప్రాణముల కొలదికి లెక్కించుట మన పిల్లలు నేర్చుకొనవలసి యున్నది.