నాడీమండలం: దెబ్బ ఒకచోట, బాధ ఒకచోట

మనిషి నాడీమండలం రెండు భాగాలు. కపాలంలోని మెదడు, వెన్నెముక లోపలి వెన్నుపాము కలిసి కేంద్ర నాడీమండలం. మెదడు నుంచి 12 జతలుగా, వెన్నుపాము నుంచి 31 జతలుగా బయలుదేరి ఒళ్లంతా పరుచుకునే నాడులు పరిధీయ నాడీమండలం. పెద్దవారి మెదడు సుమారు 1,350 గ్రాములు. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు. శరీరం బరువులో ఇది నూటికి రెండు వంతులే అయినా, విశ్రాంతి వేళ శరీరం వాడే ప్రాణవాయువులో అయిదో వంతు దీనికే పోతుంది.

కాలు కదలాలన్న ఆజ్ఞ మెదడులో పుట్టి, వెన్నుపాములో దిగి, నాడి వెంబడి విద్యుత్ సంకేతంగా సాగుతుంది. నాడి కొసన అది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంగా మారి కండరాన్ని కదిలిస్తుంది. అందుకే కాలు పడిపోతే దోషం కాలిదే అనుకోవడానికి లేదు. మెదడు, వెన్నుపాము, నాడి, నాడీకండర సంధి: ఈ నాలుగింటిలో ఎక్కడైనా ఉండవచ్చు.

మెదడు కుడి సగం ఎడమ ఒంటిని, ఎడమ సగం కుడి ఒంటిని నడుపుతాయి. ఒక పక్క రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా రెండో పక్క చేయీ కాలూ పడిపోతాయి. ఇదే పక్షవాతం. రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలితే గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి. రాయలసీమలోని సదుం వంటి ఊళ్ల నుంచి స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరే ప్రయాణమూ ఆ గడువులోనే లెక్క. మెదడు కణాలు ఒక్కసారిగా అదుపు తప్పి సంకేతాలు పంపితే వచ్చేవి ఫిట్స్. చేతిలో ఇనుము పెట్టినందువల్ల అవి ఆగవు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు.

వెన్నుపాము జబ్బుల్లో మదనపల్లె ప్రాంతం గుర్తుంచుకోవలసింది క్షయ. 1912లో మదనపల్లెలో మొదలైన క్షయ శానిటోరియం 1915లో ఆరోగ్యవరానికి మారింది. క్షయ అంటే దగ్గు మాత్రమే కాదు. క్రిములు రక్తంలో కలిసి వెన్నుపూసలకు చేరితే పూసలు కుంగి గూను వస్తుంది. చీము వెన్నుపామును నొక్కి రెండు కాళ్లూ చచ్చుబడతాయి. త్వరగా మందులు మొదలుపెడితే చాలామంది మళ్లీ నడుస్తారు. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినా వెన్నుపాముకు ఇలాంటి ఒత్తిడే కలుగుతుంది. ఎముక మందమై వెన్నుపాము ఉన్న దారి ఇరుకవుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి. నెల్లూరు ప్రాంతంలోని ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లోనే వర్ణించింది.

నాడులను దెబ్బతీసేవాటిలో మధుమేహం, కుష్ఠు ముఖ్యం. మధుమేహంలో అతి పొడవైన తంతువులు ముందు దెబ్బతింటాయి కనుక తిమ్మిర్లు పాదాల్లో మొదలవుతాయి. కుష్ఠు క్రిమి నాడి తొడుగులోనే కాపురం పెడుతుంది. మోచేతి దగ్గర నాడి దెబ్బతింటే వేళ్లు వంకరపోతాయి. స్పర్శ పోయిన చేతికి కాలినా తెలియదు. అలా వంగిన వేళ్లను స్నాయువులు మార్చి సరిచేసే శస్త్రచికిత్సకు వేలూరులో పాల్ బ్రాండ్ అనే వైద్యుడు దారి వేశాడు. ఆ వేలూరులోనే 1949లో జేకబ్ చాందీ నాడీ శస్త్రచికిత్స విభాగం మొదలుపెట్టాడు.

చివరిది నాడీకండర సంధి. నాగుపాము విషం కండరం వైపు గ్రాహకాలను మూసేస్తుంది. కట్లపాము విషం నాడి కొసలనే పాడుచేస్తుంది. నేలమీద పడుకున్నవారిని రాత్రిపూట కట్లపాము కాటేస్తే నొప్పి, వాపు అంతగా ఉండవు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాలిన రెప్పలు, ముద్దమాట కనిపిస్తాయి. తర్వాత ఊపిరి ఆడదు. మెదడు, వెన్నుపాము చెక్కుచెదరవు కనుక కదల్లేని ఆ మనిషికి చుట్టుపక్కల మాటలు వినబడుతూ ఉండవచ్చు. విషవిరుగుడు మందు కొత్త నష్టాన్ని ఆపుతుంది కానీ పాడైన కొసలను బాగుచేయదు. అవి తిరిగి పెరిగేవరకు రోగిని కాపాడేది కృత్రిమ శ్వాసే.