చిన్న జీవిని చివరిదాకా చూడండి

పట్టాలు అందుకుంటున్న జీవశాస్త్ర విద్యార్థులారా,

ఈరోజు మీకు ఒక కైట్రిడ్ శిలీంధ్రం కథ చెబుతాను. పేరు బాట్రాకోకైట్రియం డెండ్రోబాటిడిస్. దాని జీవితం 3 నుంచి 5 మైక్రాన్ల గమన సిద్ధబీజంతో మొదలవుతుంది. దానికి కణకవచం లేదు, వెనక ఒకే కశాభం. కప్ప చర్మం తగలగానే కశాభాన్ని లోపలికి లాక్కుని, చుట్టూ గోడ కట్టుకుని, సన్నని మూలతంతువులు వేస్తుంది. గుండ్రంగా పెరిగి సిద్ధబీజాశయమవుతుంది. లోపలి జీవపదార్థం విడివడి కొత్త బీజాలవుతుంది. గోడ మీద మొలిచిన చిన్న గొట్టం కొన తెరుచుకోగానే అవి ఈదుతూ బయటపడతాయి. ప్రయోగశాలలో 22 డిగ్రీల దగ్గర ఇదంతా నాలుగైదు రోజుల పని.

కప్ప తన ఒంట్లోని నీటిని, లవణాలను చర్మంతోనే సర్దుకుంటుంది. ఈ శిలీంధ్రం సోకి ఆ చర్మం చెడితే ఒంట్లో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగిపోతుంది. ఈ శిలీంధ్ర వ్యాధి వల్ల కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయనీ, వాటిలో 90 అంతరించి ఉండవచ్చనీ 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

వాషింగ్టన్ జాతీయ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన నీలి కప్ప నుంచి ఈ శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచినవారు మెయిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ లాంగ్‌కోర్. 1999లో తోటి శాస్త్రవేత్తలు పెసియర్, నికోల్స్‌లతో కలిసి ఆమె దీనికి పేరు పెట్టారు. అప్పటికే ఆమె ఏళ్లతరబడి కైట్రిడ్లను పరిశీలిస్తున్నారు. ఎదిగిన కైట్రిడ్లు చాలావరకు గుండ్రటి బుడగల్లా ఒకేలా ఉంటాయి. అవి ఎలా పెరిగాయో చూసినవారికే తేడా తెలుస్తుంది. కప్పలకు ఆపద వచ్చాక నేర్చుకుందామంటే కుదిరే విద్య కాదది.

పూర్తిగా చూడకుండా తీర్పు కూడా చెప్పకండి. సరస్సుల్లో ఇంకొన్ని కైట్రిడ్లు నీటి ఈగలు మింగలేని పెద్ద డయాటమ్‌ల మీద పెరుగుతాయి. వాటి గమన సిద్ధబీజాలే ఆ నీటి ఈగలకు ఆహారం. కప్పను చంపే బీజానికీ, నీటి ఈగను బతికించే బీజానికీ రూపం దాదాపు ఒకటే.

మీ పని చూసి "దీనివల్ల ఏం లాభం?" అని అడుగుతారు. వెనక్కి తగ్గకండి. మీ ఊరి చెరువు నీళ్లు తెచ్చి, పైన్ పుప్పొడి చల్లి, కొన్ని రోజులాగి సూక్ష్మదర్శినిలో చూడండి. రేణువులను పట్టుకున్న కైట్రిడ్లు కనిపించవచ్చు. ప్రతి దశనూ గీయండి, తేదీ వేసి రాయండి, దాచండి. రేపు ఏ జీవికి ఆపద వచ్చినా, ఆ రాతలు చూసి ఆ ఆపదకు కారణాన్ని గుర్తుపట్టేవారు ఉండాలి. ఆ బాధ్యత మీకు అప్పగిస్తూ, మనసారా అభినందిస్తున్నాను.