తేదీ అడగవలసిన నొప్పి

నేడు వైద్యపట్టాలు అందుకుంటున్న యువతీయువకులలో చాలామంది త్వరలోనే ఔట్‌పేషెంట్ విభాగాల్లో కూర్చోబోతున్నారు గనుక, అక్కడ ఏళ్ల తరబడి గుర్తింపునకు నోచుకోని ఒక వ్యాధిని గురించి, మూత్రాశయపు ఎండోమెట్రియోసిస్‌ను గురించి, ఈ సభలో చెప్పుకోవడం సముచితం.

గర్భాశయం లోపల నెలనెలా పెరిగి నెలసరిలో రాలిపోయే పొరను ఎండోమెట్రియం అంటారు. దానిని పోలిన కణజాలం గర్భాశయానికి వెలుపల నాటుకొని, హార్మోన్లకు స్పందిస్తూ వాపును, మచ్చకణజాలాన్ని కలిగించడమే ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతం మంది, అంటే దాదాపు 19 కోట్ల మంది, దీనితో బాధపడుతున్నారు. వీరిలో మూత్రవ్యవస్థ దెబ్బతినేది సుమారు 1 శాతం మందికే అయినా, కణజాలం లోతుగా చొచ్చుకుపోయే రకంలో ఆ నిష్పత్తి చాలా ఎక్కువ. అందులోనూ మూత్రాశయానిదే పెద్ద వాటా. నెలసరి రక్తం కొంత ఫెలోపియన్ నాళాల గుండా వెనక్కు ప్రవహించి పొత్తికడుపులో చేరడమే ఎండోమెట్రియోసిస్‌కు మూలమని 1927లో జాన్ సాంప్సన్ ప్రతిపాదించిన సిద్ధాంతం నేటికీ ప్రధానంగా వినిపిస్తున్నా, అదొక్కటే అన్ని సందర్భాలనూ వివరించలేదు. సిజేరియన్ వంటి శస్త్రచికిత్సల తరువాత కనిపించే కేసులూ ఉన్నాయి.

వైద్యులు తడబడేది లక్షణాల దగ్గరే. మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం, ఆపుకోలేకపోవడం, మూత్రాశయం నిండుతున్నప్పుడు పొత్తికడుపులో నొప్పి, విసర్జనలో మంట, ఇవన్నీ సాధారణ ఇన్ఫెక్షన్‌లోనూ ఉంటాయి. ఇంట్లో వేడి చేసిందని బార్లీ నీళ్లు, మజ్జిగ ఇస్తారు. ఆసుపత్రిలో యాంటీబయాటిక్ రాస్తారు. కల్చర్ పరీక్షలో సూక్ష్మజీవులేవీ కనిపించకపోయినా మరుసటి నెల అదే మందు మళ్లీ రాయడం జరుగుతుంది. కల్చర్‌లో ఏమీ పెరగకపోవడం కూడా ఒక ఆధారమేనని, ఆ బాధ నెలసరి రోజుల్లో పెరుగుతోందా అని అడగడానికి అదే సరైన సమయమని యువవైద్యులు గ్రహించాలి. మూత్రంలో రక్తం లేదు గనుక ఈ వ్యాధి కాదనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే ఈ కణజాలపు గడ్డ సాధారణంగా మూత్రాశయపు బయటి గోడనుంచి లోపలికి పెరుగుతుంది, లోపలి పొరను చీల్చుకొని రావడం కొద్దిమందిలోనే జరుగుతుంది. అదే కారణంగా, మూత్రాశయంలోకి గొట్టం పంపి చూసే సిస్టోస్కోపీ కూడా మామూలుగా కనిపించవచ్చు. మూత్రాశయం కొంత నిండి ఉండగా యోనిమార్గం ద్వారా చేసే అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్ఐ, గోడలోని గడ్డను మెరుగ్గా చూపుతాయి.

చికిత్సలో ప్రొజెస్టిన్ హార్మోన్ మందులు, గర్భనిరోధక మాత్రలు బాధను అదుపులో ఉంచుతాయి. మందులకు లొంగనప్పుడు గడ్డ ఉన్న మేరకు గోడను పూర్తి మందంతో తొలగించి కుట్టే పాక్షిక సిస్టెక్టమీ చేస్తారు. మూత్రమార్గం గుండా లోపలినుంచి గీకి తీస్తే బయటి భాగం మిగిలిపోయి వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

మూత్రపిండాలనుంచి మూత్రాన్ని తెచ్చే యురేటర్లకూ ఈ కణజాలం పాకి, నొప్పి తెలియనీయకుండానే దారి మూసి, మూత్రపిండాన్ని దెబ్బతీయగలదు గనుక, లోతైన ఎండోమెట్రియోసిస్ ఉన్న ప్రతి స్త్రీకి మూత్రపిండాల అల్ట్రాసౌండ్ కూడా చేయించడం వైద్యుల బాధ్యత.