రెండో మందు మొదలైన ఇంట్లో



ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమన్నారు. వాటికంటే మా ఇంట్లో నేర్చుకున్న విషయం మీకు ఎక్కువ పనికొస్తుందని అటు మళ్లుతున్నాను.

మా మనవడికి మూడేళ్లు. వాడికి మెదడులో ఒక చోట మొదలయ్యే ఫిట్స్ ఉన్నాయి. డాక్టర్లు ఫోకల్ సీజర్స్ అంటారు. కింద పడి కొట్టుకోవడమే ఫిట్స్ అనుకుంటాం. వీడికి చూపు నిలిచిపోతుంది, పెదవులు చప్పరిస్తాడు, ఒక చెయ్యి అదురుతుంది, పిలిస్తే పలకడు. నిమిషంలో మామూలైపోతాడు.

మొదటి మందుతో అదుపు కాకపోతే రెండోది జత చేస్తారు. "మొదటిది పనిచెయ్యలేదుగా, మానేద్దాం" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అది ప్రమాదం. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. రెండు మందులు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి కూడా. వాల్‌ప్రోయేట్ వాడుతుంటే లామోట్రిజిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే దాన్ని చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

పసిపిల్లలకు మందుల ఎంపిక ఇప్పుడు పెరిగింది. లాకోసమైడ్, బ్రివరాసెటమ్ ఒకప్పుడు అమెరికాలో నాలుగేళ్లు నిండినవారికే. 2021లో నెల నిండిన పిల్లలకూ అనుమతించారు.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. బిడ్డ బరువు పెరిగితే పాత మోతాదు చాలకపోవచ్చు. లెవెటిరాసెటమ్ సిరప్ మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. డాక్టరు 120 మిల్లీగ్రాములు రాస్తే 1.2 మిల్లీలీటర్లు. అదే 5 మిల్లీలీటర్ల చెంచాడు పోస్తే 500 మిల్లీగ్రాములు! అందుకే మా ఇంట్లో చెంచా లేదు, సూది లేని సిరంజే. ఈ మందుతో కొందరు పిల్లలకు చిరాకు, మొండితనం పెరుగుతాయి. దాన్ని అల్లరి అని కొట్టకుండా, రాసిపెట్టి డాక్టరుకు చెప్పాలి.

మా కోడలు ఒక నోటుబుక్కు పెట్టింది. తేదీ, వేళ, ఎన్ని సెకన్లు, ఏ వైపు, మందు ఎప్పుడు వేశాం, నిద్ర, జ్వరం. ఫోనులో వీడియో కూడా. ఏది మార్చాక ఏం మారిందో తెలిసేది దానితోనే. సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా అదుపు కాకపోతే మూర్ఛ నిపుణుల కేంద్రానికి వెళ్లాలి. కొందరికి శస్త్రచికిత్స దారి ఉంటుంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో 1995 నుంచి చేస్తున్నారు.

ఇక మాస్టార్లకు, టీచర్లకు ఒక మనవి. తరగతిలో పిల్లవాడు పదేపదే చూపు నిలిపేస్తుంటే పరధ్యానమని కోప్పడే ముందు ఒకసారి గడియారం చూడండి, తల్లిదండ్రులకు కబురు చెయ్యండి. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచాలు వద్దు. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే ఏడాది వాడు బడిలో చేరతాడు. మీలాంటి టీచరు దొరికితే మాకంతే చాలు. సెలవు.