ఆకుకు సర్టిఫికెట్ ఉంది, కోసిన చేతికి ఏముంది?

(పుదుచ్చేరి సోలై నగర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిత్రులారా, ఇక్కడి నుంచి తీరం వెంట దక్షిణానికి వెళితే వైట్ టౌన్ వస్తుంది. అలాంటి చోట్ల కెఫేల్లోనూ, ఆన్‌లైన్ షాపుల్లోనూ ఇప్పుడు 'ఆర్గానిక్, ఎథికల్ బ్రేక్‌ఫాస్ట్ బ్లాక్ టీ' బాగా అమ్ముడవుతోంది. పాలు, పంచదార లేకుండా తాగితే ఆకు అసలు రుచి తెలుస్తుంది. నాకూ ఇష్టమే. తాగొద్దని చెప్పడానికి నేను రాలేదు. ఆ ప్యాకెట్ మీది 'ఎథికల్' అనే మాటను మనం ఎలా చదవాలో మాట్లాడుకుందాం.

ముందు 'బ్రేక్‌ఫాస్ట్ టీ' సంగతి. అది ఏ తోట పేరూ కాదు. అస్సాం, శ్రీలంక, కెన్యా వంటి చోట్ల నుంచి వచ్చిన పొడులను కలిపి తయారుచేసే మిశ్రమం. రుచి ఎప్పుడూ ఒకేలా ఉండడానికి కలుపుతారు. కలిపాక ఏ ఆకు ఏ కొండ మీదిదో, ఎవరు కోశారో తాగేవాడికి తెలియదు. ఆకును వాడబెట్టడం, నలపడం, గాలికి నల్లబడనివ్వడం, ఆరబెట్టడం ఫ్యాక్టరీలో యంత్రాలతో జరుగుతాయి. కానీ రెండాకులు, ఒక మొగ్గ చొప్పున కోసేది ఎక్కువగా ఆడవాళ్ల చేతులే.

ఆ చేతులు ఎవరివి? అస్సాం తోటలకు ఛోటానాగ్‌పూర్ ఆదివాసులను తీసుకుపోయారు. గంజాం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్లూ వెళ్లారు. మున్నార్, వాల్పరై, సిలోన్ కొండలకు తమిళ దళితులను పెద్ద సంఖ్యలో తరలించారు. అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసే దళారిని దక్షిణాదిలో కంగాణీ అన్నారు, అస్సాంలో సర్దార్ అన్నారు, బర్మా వెళ్లిన తెలుగు కూలీలు మేస్త్రీ అన్నారు. 1859 నాటి చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకుని పని మానేయడం నేరం. ఇదే పుదుచ్చేరి ప్రాంతంలో భాగమైన యానాం నుంచి కూడా 19వ శతాబ్దంలో తెలుగు కూలీలను ఓడలెక్కించి రీయూనియన్ దీవి చెరకు తోటలకు పంపారు. పంట వేరు, పద్ధతి ఒక్కటే. ఊళ్లో భూమి లేనివాడే తేలిగ్గా ఓడెక్కుతాడు, కొండెక్కుతాడు. ఆ భూమి లేకుండా చేసింది కులం.

స్వాతంత్ర్యం తర్వాత 1951లో తోటల కార్మిక చట్టం వచ్చింది. ఇల్లు, తాగునీరు, మరుగుదొడ్డి, ఆసుపత్రి, పసిపిల్లల కేంద్రం యజమానే ఇవ్వాలన్నారు. మంచిదే. కానీ ఇల్లు ఉద్యోగంతో ముడిపడింది. పని మానితే గూడు పోతుంది. అందుకే తల్లి తర్వాత కూతురో కోడలో అదే బుట్ట తగిలించుకోవాల్సి వచ్చింది. 2020 ఆగస్టులో మున్నార్ దగ్గర పెట్టిముడిలో కొండచరియలు లయాల మీద పడి 65 మందికి పైగా చనిపోయారు. తరతరాలుగా కోసినా ఆ కొండ మీద సొంత గుమ్మం లేనివాళ్లు వాళ్లు.

అదే మున్నార్‌లో 2015 సెప్టెంబరులో ఆడవాళ్లు రోడ్డెక్కారు. బోనస్‌ను 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారని వేలమంది తొమ్మిది రోజులు కూర్చున్నారు. వాళ్లలో చాలామంది తమిళ దళిత స్త్రీలు. యూనియన్ నాయకులను దగ్గరికి రానివ్వలేదు. 'పెంబిళై ఒరుమై', అంటే ఆడవాళ్ల ఐక్యత, అని పేరు పెట్టుకున్నారు. చివరికి బోనస్, ఎక్స్‌గ్రేషియా కలిపి 20 శాతం సాధించారు. ఒక విషయం గమనించండి. అది ఉద్యోగులకే వాటాలున్న కంపెనీ. కాగితం మీద కార్మికురాలు వాటాదారు. అయినా తన బోనస్ కోసం తను రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది.

ఇక సర్టిఫికెట్లు. ఆర్గానిక్ వల్ల మేలు లేదనను. పురుగుమందు కొట్టకపోతే ముందు బాగుపడేది తోటలో పనిచేసే మనిషి ఊపిరే. కానీ ఆర్గానిక్ ముద్ర మట్టి గురించి చెబుతుంది, కూలి గురించి కాదు. మరి ఎథికల్ ముద్రలు? 2018లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు భారత టీ తోటలను పరిశీలించి, ముద్ర ఉన్న తోటలకూ లేని తోటలకూ కార్మికుల స్థితిలో పెద్ద తేడా కనబడలేదన్నారు. ఆశ్చర్యపోనక్కర్లేదు. తనిఖీ ఫారంలో కులం అనే గడి లేకపోతే, ఎవరు ఎప్పటికీ కోత దగ్గరే ఉండిపోతున్నారు, ఎవరు ఆఫీసు గదిలో కూర్చుంటున్నారు అన్నది ఎలా బయటపడుతుంది? కులం పనిని మాత్రమే పంచదని, పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విడగొడుతుందని బాబాసాహెబ్ 1936లోనే చెప్పారు.

వేరే దారి లేదా? అరకు చూడండి. అక్కడ కాఫీ పండించేది ఆదివాసీ చిన్న రైతులు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ కష్టాలు లేవని కాదు. ధర, మార్కెట్ ఇంకా వాళ్ల చేతిలో లేవు. అయినా చెట్టు తనది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం అడ్డు నిలిచింది. 1997లో సమతా తీర్పు ఆ రక్షణకు బలమిచ్చింది. అంటే తేడా తెచ్చింది కొనేవాడి దయ కాదు, భూమి మీద హక్కు.

కోత దగ్గరే కాదు, తాగే దగ్గరా కులం ఉంది. మన తెలుగు ఊళ్లలో, ఇక్కడి తమిళ ఊళ్లలో హోటళ్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి మనకు తెలిసిందే. హోటల్లో ప్రవేశం రాజ్యాంగంలోని 15వ అధికరణ ఇచ్చిన హక్కు. అక్కడి పాత్రలు వాడుకోనివ్వకపోవడం 1955 చట్టం ప్రకారం నేరం. ఆకు కోసే చేయి కావాలి, గ్లాసు పట్టుకుంటే మాత్రం అంటు. ఈ రెండింటినీ కలిపి చూడని నైతికత మనకు చాలదు.

కాబట్టి తాగండి, తృప్తిగా తాగండి. కానీ అమ్మేవాళ్లను అడగండి. ఏ తోట? రోజు కూలి ఎంత? ఇంటి పట్టా ఎవరి పేరున ఉంది? ఎథికల్ పేరుతో వసూలు చేసే అదనపు ధర ఎక్కడ ఖర్చు చేయాలో నిర్ణయించే కమిటీలో కోత కోసే స్త్రీలు ఎంతమంది? వాళ్లు సంఘం పెట్టుకుంటే ఊరుకుంటారా? రాజకీయ సమానత్వం పక్కనే సామాజిక, ఆర్థిక అసమానత్వం కొనసాగితే ప్రజాస్వామ్యం నిలవదని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆ అసమానత్వాన్ని ప్యాకెట్ మీది ముద్ర తీసేయలేదు. కొండ మీద సంఘం కట్టిన స్త్రీలు తీసేయగలరు. మన చదువు వాళ్ల పక్కన నిలబడాలి.

జై భీమ్.