వెనుకబడిన బిడ్డకు బడిలో తోడ్పాటు

కొండాపూర్‌లో ఈనాడు పాఠశాలలకు కొదువ లేదు. అయినను చదువులో వెనుకబడిన బిడ్డను వెంటబెట్టుకొని ఎవరి వద్దకు పోవలెనో తల్లిదండ్రులకు తోచదు. పిల్లవాడు నోటితో కథ చక్కగా చెప్పును. పుస్తకము తెరచిన 'ప'ను 'వ' యనును, 'మ'ను 'య' యనును. మనమేమో "సోమరి" యని కేకలు వేయుదుము, లేదా మరియొక ట్యూషను పెట్టుదుము. అదే పాఠమును అదే తీరున రెండు మారులు చెప్పించిన ఏమి లాభము?

ముందుగా కన్ను, చెవి పరీక్ష చేయింపుడు. అవి బాగున్నచో అది డిస్లెక్సియా కావచ్చును. అది తెలివితక్కువతనము కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తాను గుర్తించిన 21 వైకల్యములలో ఇట్టి అభ్యసన వైకల్యమును కూడ చేర్చినది. దానిని పెందలకడ కనిపెట్టి తగిన రీతిని బోధించుట ప్రభుత్వ పాఠశాలల బాధ్యతయే కాదు, గుర్తింపు పొందిన ప్రయివేటు పాఠశాలల బాధ్యత కూడ. ఫీజు పుచ్చుకొనువారు దీనిని మరువరాదు. పరీక్షలో అదనపు సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటి సదుపాయములు ఆ చట్టములోనే పేర్కొనబడినవి.

బిడ్డ నోటు పుస్తకములతో తరగతి ఉపాధ్యాయుని కలిసికొనుడు; పిమ్మట ప్రధానోపాధ్యాయునికి అర్జీ వ్రాసి నకలు దాచుకొనుడు. శేరిలింగంపల్లి మండల విద్యాధికారిని అడిగి, ప్రత్యేక ఉపాధ్యాయులుండు భవిత కేంద్రమును గూర్చి విచారింపుడు. బుద్ధి వికాసమును గూర్చియే సందేహమున్నచో, సికింద్రాబాదు మనోవికాస నగర్‌లో 1984లో నెలకొన్న జాతీయ సంస్థ కలదు. అర్జీలో "శ్రద్ధ వహింపుడు" అని మాత్రమే వ్రాయవలదు. ముందు వరుసలో చోటు, ప్రశ్నను పైకి చదివి వినిపించుట, నోటితో జవాబు చెప్పనిచ్చుట అని విడివిడిగా అడుగుడు.