చెప్పకుండా వచ్చేయకండి

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

మా పిల్లలందరికీ శుభాకాంక్షలు. ఉద్యోగాలు చేస్తున్నవాళ్లను కూడా పిల్లలు అంటున్నామని ఏమీ అనుకోకండి, మీలో చాలామంది ట్రంకు పెట్టెతో మా హాస్టల్‌కి వచ్చిన రోజు మాకింకా గుర్తే. థింసా అయిపోయి అందరూ అలసిపోయారు, ఎక్కువసేపు కూర్చోబెట్టం.

ఇటుకల పండక్కి పట్నం నుంచి వచ్చినవాళ్లలో కొందరు పండగ అయిపోయినా తిరిగి వెళ్లరు. అడిగితే "మానేశాను మేడం" అంటారు. ఎందుకంటే నేల చూస్తారు. తర్వాత ఎప్పుడో తెలుస్తుంది, సగం నెల జీతం అక్కడే ఉండిపోయిందని, టెన్త్ ఒరిజినల్ కూడా వాళ్ల బీరువాలోనే ఉందని. తిట్టినవాడు హాయిగా ఉన్నాడు. పోగొట్టుకున్నది మనం.

పని కష్టం వేరు, మనిషిని కించపరచడం వేరు. కొండ పోడు చేసి, కాఫీ పళ్లు ఏరి పెరిగినవాళ్లకి కష్టం కొత్త కాదు. నెలాఖరు స్టాకు లెక్క ఉందని రెండు గంటలు ఎక్కువ నిలబెడితే అది కష్టమైన వారం. నిద్రపోతే, కడుపునిండా తింటే తేరుకుంటారు. అందరి ముందు "అడవిలోంచి వచ్చావు, నీకేం తెలుస్తుంది" అన్నా, మీ యాస పలికి నవ్వినా, సెలవు అడిగారని వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి తిట్టినా అది వేరే సంగతి. టాక్సిక్ అని మీరు అంటున్నది దాన్నే. అక్కడ నిద్రే పట్టదు, అన్నం సహించదు. లోపం నాలోనే ఉందేమో అనిపించడం మొదలవుతుంది.

మన దగ్గర వారమంటే సంత నుంచి సంత. సంతకి ఉప్పూ నూనే కొనడానికే వెళ్తామా? పక్క ఊరి చుట్టాలు కలుస్తారు, ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పుకుంటాం. పట్నంలో మీకు కరువయ్యేది అదే. గదికొచ్చి తలుపేసుకుని ఫోన్ చూస్తూ పడుకుంటారు. అమ్మ భయపడుతుందని "బాగున్నాను" అంటారు. మగపిల్లలైతే శనివారం క్వార్టర్ బాటిల్ తెచ్చుకుంటారు. ఇక్కడ జీలుగు కల్లు పదిమందితో కూర్చుని తాగుతారు, అక్కడ ఒక్కడే గోడకేసి కూర్చుని తాగుతాడు. (కల్లు తాగమని చెబుతున్నామనుకోకండి.) ఆ ఆఫీసుకి సంబంధం లేని మనిషి ఒకరు ఉండాలి. హాస్టల్ మేటు కావచ్చు, మన ఊరి అన్న కావచ్చు. ఆదివారం గంటసేపైనా వాళ్లతో కూర్చుని అన్నం తినండి.

మాట పడిన రాత్రే రాసిపెట్టండి. తేదీ, సమయం, ఎవరన్నారు, ఏమన్నారు, ఎవరు విన్నారు. అన్నమాట అన్నట్టే రాయండి. మెసేజి అయితే స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపండి. రాసినంత మాత్రాన బాధ పోతుందని మేం చెప్పం. కానీ నెల తర్వాత ఎవరైనా అడిగితే "ఏదో అన్నారు" అని ఆగిపోకుండా ఉంటారు. బట్టల షోరూంలో చేసే మా అమ్మాయి ఒకతె ఇలాగే పదకొండు రోజులు రాసింది. ఆ కాగితం పట్టుకుని, తోటి అమ్మాయిని సాక్షిగా తీసుకుని పై మేనేజర్ దగ్గరికి వెళ్లింది. సూపర్‌వైజర్ క్షమాపణ ఏమీ చెప్పలేదు. షిఫ్టు మాత్రం మార్చారు. ఇంకో రెండు నెలలు చేసి, జీతం, అనుభవం సర్టిఫికెట్ తీసుకుని వేరే చోట చేరింది. మా దృష్టిలో అది గెలుపే.

చట్టం సంగతి కూడా వినండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు పదిమందికి కనబడేచోట మనల్ని కులం పేరుతో దూషిస్తే, కావాలని అవమానిస్తే నేరం. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. ఈ చట్టం గురించి అడగడానికి 14566కి ఫోన్ చేయొచ్చు. ఆడపిల్లలూ, లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న దుకాణమైతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు రాసివ్వాలి. వెంటనే కేసు పెట్టమని మేం తొందరపెట్టడం లేదు. ఎక్కడ అడగాలో తెలిసినవాడు నిలబడే తీరే వేరుగా ఉంటుంది, అందుకు చెబుతున్నాం.

"గవర్నమెంటు ఉద్యోగం వచ్చేదాకా ఓర్చుకో" అనే పెద్దలకు ఒక మాట. నిద్రపోని పిల్ల, చచ్చిపోవాలనుంది అన్న పిల్లవాడు మీ ఎదుట ఉంటే ఓర్చుకోమనకండి. టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు. పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి. ఆ ఉద్యోగం పోతే పోయింది.

మానేయాలనుకుంటే మానేయండి, తప్పులేదు. రాతపూర్వకంగా రాజీనామా ఇచ్చి, దాని కాపీ ఉంచుకోండి. జీతం లెక్క అడగండి. పీఎఫ్ కోసుంటే యూఏఎన్ నంబరు రాసుకోండి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకి వెళ్దాం, మేమూ వస్తాం. కొత్తగా చేరేవాళ్లు ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి, వాళ్లకి జిరాక్స్ చాలు.

మా ఫోన్ నంబర్లు మీ అందరి దగ్గరా ఉన్నాయి. సాయంత్రం స్టడీ అవర్‌లో ఎత్తం, తిట్టుకోకండి. తొమ్మిది దాటాక చేయండి.